ఆటోక్రాస్ కారు: సీజన్లో ఏం రాసుకోవాలి, చలికాలంలో ఏం మార్చాలి

"అన్నా, కారు కొన్నా, నాలుగు ఆటోక్రాస్ ఈవెంట్లకి కూడా వెళ్ళా, ఇప్పుడు ఏం పార్ట్స్ వెయ్యాలి?" ఈ ప్రశ్న నాకు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది, అక్టోబర్ చివర్లో సీజన్ అయిపోగానే ఇంకా ఎక్కువ, ఎందుకంటే అప్పుడు బ్లాక్ ఫ్రైడే సేల్స్ మొదలవుతాయి, వీకెండ్లు ఖాళీ, కారేమో గరాజ్‌లో ఊరికే నిలబడి ఉంటుంది. అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్తే సగం మర్చిపోతున్నా, అందుకని ఒకేసారి మొత్తం రాసేస్తున్నా.

నేనుండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన. కారు టొయోటా జీఆర్ 86, దాంతోనే ఆఫీసుకి వెళ్తా, దాంతోనే ఈవెంట్లకి వెళ్తా. ఇక్కడ రాసేది అమెరికాలో ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) సోలో రూల్స్ కింద పార్కింగ్ లాట్‌లో కోన్లు పెట్టి, టైమ్ చూస్తూ నడిపే ఆటోక్రాస్ గురించి. మన దగ్గర ఇండియాలో ఆటోక్రాస్ అంటే ఎక్కువగా మట్టి ట్రాక్ మీద కదా, అక్కడ టైర్లు, సస్పెన్షన్ లెక్క పూర్తిగా వేరు, కాబట్టి హైదరాబాద్ నుంచి చదివేవాళ్ళు నోట్స్ రాసుకోవడం, చెకింగ్ వరకు తీసుకోండి, నంబర్లు మాత్రం తీసుకోవద్దు.

నా సమాధానం ముందే చెప్పేస్తా. పార్ట్స్ లిస్టు మీ నోట్‌బుక్‌లోంచి రావాలి, ఎవరో చేసిన వీడియోలోంచి కాదు. సీజన్ అంతా కారు ఏం చేస్తుందో రాసుకోండి, చలికాలంలో ఆ రాతల్లో ఎక్కువసార్లు కనపడిన సమస్య ఒక్కటి పట్టుకుని దాన్నే సరిచెయ్యండి.

కావాల్సినవి

- స్నెల్ (హెల్మెట్లు పరీక్షించే సంస్థ) రేటింగ్ ఉన్న హెల్మెట్. కొత్తది కొనేటప్పుడు లోపలి స్టిక్కర్ మీద ఎస్ఏ 2020 లేదా దాని తర్వాతది ఉందో లేదో చూడండి. ఉత్తి డాట్ (అమెరికా రవాణా శాఖ) స్టిక్కర్ ఉన్నవి సరిపోవు.
- టైర్ ప్రెజర్ గేజ్, మంచిది ఒక్కటి. రెండు గేజ్‌లు వాడొద్దు, రెండూ రెండు రకాలుగా చూపిస్తాయి.
- టార్క్ రెంచ్, వీల్ నట్లకి సరిపడే సాకెట్.
- ఫ్లోర్ జాక్, నాలుగు జాక్ స్టాండ్లు, చక్రాలకి అడ్డం పెట్టే చెక్క దిమ్మలు.
- పిల్లలు నేలమీద రాసుకునే మామూలు చాక్.
- చిన్న నోట్‌బుక్, పెన్ను. ఫోన్లో రాస్తా అంటారు, ఎండలో స్క్రీన్ కనపడదు, గ్రిడ్‌లో (రన్ కోసం కార్లు వరుసగా ఆగే చోట) టైమ్ ఉండదు.
- కారులో గట్టిగా బిగించిన చిన్న కెమెరా. అద్దానికి అతికించి వదిలెయ్యొద్దు, టెక్ ఇన్‌స్పెక్షన్‌లో (ఈవెంట్ ముందు కారు భద్రత చూసేటప్పుడు) ఊపి చూస్తారు.
- మీ కారు సర్వీస్ మాన్యువల్. ప్రతి బోల్టు టార్క్ నంబర్ అందులోనే ఉంటుంది.

1. ముందు క్లాసు, తర్వాత కొనడం

అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇక్కడే జరుగుతుంది. ఎస్‌సీసీఏలో కార్లని, వాటికి చేసిన మార్పుల్ని బట్టి క్లాసులుగా విడదీస్తారు. వాటిలో స్ట్రీట్ కేటగిరీ అని ఉంటుంది, దాదాపు కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న కార్లకి. అందులో టైర్లు మార్చుకోవచ్చు, కాకపోతే ట్రెడ్‌వేర్ (టైరు ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పే నంబర్) 200 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. షాక్స్ (షాక్ అబ్జార్బర్లు) మార్చుకోవచ్చు, బ్రేక్ ప్యాడ్లు మార్చుకోవచ్చు, స్వే బార్ (మలుపుల్లో కారు ఒరగడం తగ్గించే అడ్డకడ్డీ) విషయంలో పరిమితి ఉంది. వీల్ వెడల్పు మాత్రం కంపెనీ ఇచ్చినంతే ఉండాలి, వ్యాసం ఒక అంగుళం అటూ ఇటూ మార్చుకోవచ్చు. స్ప్రింగ్స్ ముట్టుకున్నారంటే స్ట్రీట్ నుంచి బయటికొచ్చి స్ట్రీట్ టూరింగ్‌లోకో ఇంకా పైకో వెళ్ళిపోతారు, అక్కడ మీ పక్కన ఉండేవాళ్ళు ఆ క్లాసు రూల్స్‌లో ఇచ్చినవన్నీ చివరిదాకా వాడేసుకున్నవాళ్ళు.

మొదటి చలికాలంలో నేను సేల్‌లో 9 అంగుళాల వెడల్పు వీల్స్ కొన్నా. కారుకి ఫ్యాక్టరీ వెడల్పు 7.5. చాలా తేలికగా ఉన్నాయి, చూడ్డానికి బాగున్నాయి, బిగించాక తెలిసింది నా క్లాసే మారిపోయిందని. ఆ వసంతంలో వాటిని అమ్మేసి మళ్ళీ 7.5 వి కొన్నా, మధ్యలో పోయిన డబ్బుతో ఒక సెట్ టైర్లు వచ్చేవి.

కాబట్టి రూల్‌బుక్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకుని మీ కేటగిరీ సెక్షన్ ఒక్కటి రెండు సార్లు చదవండి. ఆ సెక్షన్లో రాసి లేని మార్పు చెయ్యకూడదు అనే అర్థం. రూల్స్ ఏటా మారతాయి, జనవరిలో కొత్తది వచ్చాక మళ్ళీ చూసుకోండి, పోయినేడు ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడొద్దు.

పనిలో పనిగా మీ ఇన్సూరెన్స్ పాలసీలో రేసింగ్, స్పీడ్ కాంటెస్ట్ గురించి ఏం రాసి ఉందో చదవండి. చాలా పాలసీల్లో ఆ లైను ఉంటుంది.

2. మొదటి సీజన్ కారుని ఉన్నట్టే వదిలెయ్యండి

బ్రేక్ ప్యాడ్లలో సరుకు ఉందా, బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తదా, టైర్లు బాగున్నాయా, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు) సరిగ్గా ఉందా, ఇంతే. ఒక ఈవెంట్లో మీకు దొరికేవి నాలుగు నుంచి ఆరు రన్నులు, ఒక్కోటి నిమిషం లోపు. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో నిలబడితే నడిపేది మొత్తం ఐదు నిమిషాలు, మిగతా టైమ్‌లో కోర్స్ మీద పడిన కోన్లు లేపి పెట్టే డ్యూటీ. ఆ ఐదు నిమిషాల్లో నేర్చుకోవాల్సింది చాలా ఉంది, మధ్యలో కారు కూడా మారిపోతుంటే ఏది మీవల్ల బాగుపడిందో ఏది పార్ట్ వల్లో ఎప్పటికీ తెలీదు.

టైర్ల సంగతి. మొదటి నాలుగైదు ఈవెంట్లు కారుతో వచ్చిన టైర్లే ఉంచండి. అవి ముందే కూత పెడతాయి, జారేముందు చెప్తాయి. తర్వాత 200 ట్రెడ్‌వేర్ వాటికి వెళ్ళండి. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ 71 ఆర్ఎస్, యోకోహామా ఏ 052, ఫాల్కెన్ ఆర్‌టీ 660 లాంటివి ఎక్కువగా కనపడతాయి. ఏ 052 తొందరగా వేడెక్కుతుంది, జులై ఎండలో ఇద్దరు ఒకే కారు నడుపుతుంటే రన్నుకీ రన్నుకీ మధ్య నీళ్ళు స్ప్రే చెయ్యాల్సి వస్తుంది. ఒక్కరే నడిపేవాళ్ళకి అంత బాధ లేదు.

3. ఈవెంట్ రోజు ఏం చెయ్యాలి, ఏం రాయాలి

పొద్దున్నే వెళ్ళి కారులో ఉన్నవన్నీ తీసెయ్యండి, ఫ్లోర్ మ్యాట్లతో సహా. నీళ్ళ బాటిల్ ఒకటి దొర్లి బ్రేక్ పెడల్ కిందికి పోతే ఏమవుతుందో ఊహించుకోండి. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో చూడండి, జీఆర్ 86 కి 89 ఫుట్ పౌండ్లు, మీ కారుకి మాన్యువల్లో ఎంతుంటే అంత. ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. బ్రేక్ పెడల్ నొక్కి పట్టుకుంటే కిందికి జారకూడదు.

కోర్స్ కనీసం మూడు సార్లు నడవండి. మాట్లాడుకుంటూ నడిచింది లెక్కలోకి రాదు.

ఇప్పుడు ప్రెజర్ సెట్ చేసే పద్ధతి:

అ) టైరు అంచు మీద, ట్రెడ్ నుంచి పక్క గోడ మీదికి దిగేలా, మూడు చోట్ల చాక్‌తో అడ్డగీత గియ్యండి. నాలుగు టైర్లకీ.

ఆ) రన్ అవ్వగానే గ్రిడ్‌లోకొచ్చి, వేడి మీదే ప్రెజర్ చూసి రాయండి. పదినిమిషాలు ఆగి చూస్తే ఆ నంబర్ పనికిరాదు.

ఇ) చాక్ ఎక్కడిదాకా అరిగిందో చూడండి. చాలా టైర్ల అంచున చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది, చాక్ అక్కడిదాకా అరిగితే సరిగ్గా ఉన్నట్టు. త్రిభుజం దాటి కిందికి పోతే గాలి తక్కువ, అసలు గుర్తు దగ్గరికే రాకపోతే గాలి ఎక్కువ.

ఈ) ఒకసారికి 2 పీఎస్ఐ కంటే ఎక్కువ మార్చొద్దు. నేను వేడి మీద ముందు 34, వెనక 32 దగ్గర మొదలెడతా, ఇది నా కారు బరువుకి నా టైరుకి, మీది వేరే ఉండొచ్చు.

ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగితే ప్రెజర్ ఇంచుమించు 1 పీఎస్ఐ పెరుగుతుంది. ఏప్రిల్ పొద్దున 40 డిగ్రీల్లో సెట్ చేసింది మధ్యాహ్నం 65 కి వచ్చేసరికి అలా ఉండదు, మళ్ళీ చూడాల్సిందే.

నోట్‌బుక్‌లో ప్రతి రన్నుకీ ఒక లైను చాలు. టైమ్, ఎన్ని కోన్లు పడ్డాయి, వేడి ప్రెజర్లు నాలుగూ, కారు ఎక్కడ ఇబ్బంది పెట్టింది. చివరిది ముఖ్యం, అది రాసేటప్పుడు "బాగా జారింది" అని రాయొద్దు, మూడు నెలల తర్వాత మీకే అర్థం కాదు. మలుపులో ఏ భాగంలో అన్నది రాయండి: లోపలికి వెళ్తూనా, మధ్యలోనా, బయటికొస్తూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడా? ముందు చక్రాలా వెనక చక్రాలా? నా నోట్‌బుక్‌లో ఒక లైను ఇలా ఉంటుంది: "రన్ 3, 48.6, కోన్లు లేవు, స్లాలం తర్వాత కుడి మలుపు, మధ్యలో ముందు జారింది, చెయ్యి ఎక్కువ తిప్పాను." స్లాలం అంటే వరుసగా పెట్టిన కోన్ల మధ్య అటూ ఇటూ తిప్పుకుంటూ వెళ్ళే చోటు. ఆ చివరి మాట నిజాయితీగా రాస్తే సగం పార్ట్స్ కొనక్కర్లేదు.

4. తప్పు కారుదా, నాదా?

ఇది తేల్చకుండా చలికాలానికి వెళ్ళకండి. మూడు పరీక్షలున్నాయి.

ఒకటి, మీకంటే వేగంగా నడిపే మనిషిని మీ కారు ఒక రన్ నడపమని అడగండి, నిర్వాహకుల రూల్స్ ఒప్పుకుంటేనే. నేను మొదటి ఏడాది ఆగస్టులో మా దగ్గరి పెద్దాయన ఒకాయనకి తాళం ఇచ్చా. అప్పటికి నేను ఆరు రన్నులు చేసి ఉన్నా, ఆయన ఆ కారు మొదటిసారి కూర్చుని నాకంటే రెండున్నర సెకన్లు తక్కువలో వచ్చారు. నేను ముందు టైర్లు జారుతున్నాయని రాసుకున్న మలుపులో ఆయనకి జారలేదు, ఎందుకంటే ఆయన నాకంటే ముందే బ్రేక్ వదిలి, స్టీరింగ్ సగమే తిప్పారు. ఆ రోజు నా షాపింగ్ లిస్టులో మూడు ఐటమ్స్ కొట్టేశా.

రెండు, పాక్స్ లెక్క. వేర్వేరు క్లాసుల కార్లని పోల్చడానికి ప్రతి క్లాసుకీ ఒక గుణకం ఉంటుంది, మీ టైమ్‌ని దాంతో గుణిస్తే పాక్స్ టైమ్ వస్తుంది. మీ ప్రాంతంలో ప్రతి ఈవెంట్‌కీ వచ్చే, ఎప్పుడూ నిలకడగా నడిపే డ్రైవర్ని ఒకర్ని ఎంచుకుని, మీ పాక్స్ టైమ్‌ని వాళ్ళ పాక్స్ టైమ్‌తో భాగించండి. ఉదాహరణకి మీది 41.2, వాళ్ళది 38.9 అయితే 1.059. కోర్స్ ప్రతిసారీ మారుతుంది కాబట్టి సెకన్లు పోల్చి లాభం లేదు, ఈ నిష్పత్తి అయితే సీజన్ పొడుగునా పోల్చుకోవచ్చు. ఈవెంటు ఈవెంటుకీ అది ఇంకా దిగుతుంటే మీరు ఇంకా నేర్చుకుంటున్నారు, పార్ట్స్ ఆగొచ్చు. మూడు నాలుగు ఈవెంట్లు ఒకే దగ్గర ఆగిపోయి, నోట్‌బుక్‌లో ఒకే కంప్లైంట్ మళ్ళీ మళ్ళీ వస్తుంటే అప్పుడు కారు వైపు చూడండి.

మూడు, కెమెరా. స్టీరింగ్, చేతులు కనపడేలా పెట్టండి. చేతులు కుదుపుగా ఉంటే సస్పెన్షన్‌ని తిట్టి లాభం లేదు. ఒక్క రన్నులో కోన్ పడితే 2 సెకన్లు పోతాయి, ఏ షాక్ అబ్జార్బరూ ఆ రెండు సెకన్లు తిరిగివ్వదు.

5. సీజన్ అయిపోయిన వారం: విప్పి చూడండి

పార్ట్స్ ఆర్డర్ పెట్టకముందే ఇది చెయ్యండి. కారు ఎత్తాలి కాబట్టి ముందు హెచ్చరిక: సమతలంగా ఉన్న కాంక్రీట్ మీదే ఎత్తండి, మాన్యువల్లో చూపించిన చోటే జాక్ పెట్టండి, జాక్ స్టాండ్ల మీదికి దించాక కారుని చేత్తో గట్టిగా ఊపి చూడండి, కదిలితే దించి మళ్ళీ పెట్టండి. జాక్ ఒక్కదాని మీద ఉన్న కారు కిందికి చెయ్యి కూడా పెట్టొద్దు. ఇంట్లో ఎవరో ఒకరికి "నేను కారు కింద ఉన్నా" అని చెప్పి వెళ్ళండి.

చూడాల్సినవి: చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక ఉందా (వీల్ బేరింగ్, బాల్ జాయింట్), కుడీ ఎడమా పట్టుకుని ఊపితే ఉందా (టై రాడ్). రబ్బర్ బూట్లు చిరిగాయా. షాక్స్ నుంచి ఆయిల్ కారిందా. బ్రేక్ ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తే మార్చెయ్యండి. రోటర్ మీద పగుళ్ళు. టైరు లోపలి అంచు, బయటి అంచు అరుగుదల తేడా, ఇది ఫోటో తీసుకోండి. బయటి అంచు బాగా అరిగి లోపల కొత్తగా ఉంటే మీ కారు ముందు చక్రాలకి ఇంకా మైనస్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగడం) అడుగుతోందన్నమాట.

ఇక రేస్ టైర్లు. చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్ళు ఇది జాగ్రత్తగా చదవండి. ఈ 200 ట్రెడ్‌వేర్ రబ్బరు గడ్డకట్టే చలిలో గాజులా అయిపోతుంది, ఆ చలిలో టైరుని వంచినా, దాని మీద కారు నడిపినా పగుళ్ళు రావచ్చు. వేడి చెయ్యని గరాజ్‌లో పెట్టొద్దు, కడిగి, ఆరబెట్టి, నల్ల సంచుల్లో కట్టి బేస్‌మెంట్‌లో పెట్టండి. ఫర్నెస్ పక్కన, మోటార్ల పక్కన కాదు. నాకు తెలిసినతను ఒకతను అదే టైర్లతో డిసెంబర్‌లో గరాజ్ నుంచి కారు బయటికి తీశాడు, ట్రెడ్ దిమ్మల మధ్య వెంట్రుకవాసి పగుళ్ళు, సగం సీజన్ వాడిన సెట్ అంతా పోయింది.

6. ఏం మార్చాలి: నా వరుస

వెనక చక్రాలతో నడిచే తేలికపాటి కారుకి, స్ట్రీట్ క్లాసులో ఉండేవాళ్ళకి నేను చెప్పే వరుస ఇది: అలైన్‌మెంట్, టైర్లు, ముందు స్వే బార్, చివర్లో షాక్స్. బ్రేక్ ఫ్లూయిడ్ ఎలాగూ ఏటా మార్చాలి. ఎగ్జాస్ట్, ఇంటేక్ మీద డబ్బు పెట్టొద్దు, నిమిషం లోపు కోర్స్‌లో, రెండో గేర్‌లో, అక్కడ దొరికేది చాలా తక్కువ. డబ్బు మిగిలితే ఇంకో సెట్ టైర్లు, ఇంకో రెండు ఊళ్ళ ఈవెంట్ ఫీజులు, డ్రైవింగ్ స్కూల్. నా దృష్టిలో స్కూల్ ఒక్కరోజు, షాక్స్ సెట్ కంటే విలువైనది, ఖర్చేమో అందులో చిన్న భాగం.

*అలైన్‌మెంట్, క్యాంబర్ బోల్టులు.* స్ట్రట్ సస్పెన్షన్ (స్ప్రింగ్, షాక్ కలిసి ఒకటిగా ఉండేది) కార్లలో, ముందు స్ట్రట్‌ని నకిల్‌కి (చక్రం బిగించే లోహపు ముక్కకి) పట్టి ఉంచే బోల్టులు రెండుంటాయి. పై బోల్టు బదులు సన్నటిది వేస్తే చక్రం పైభాగం లోపలికి వంగడానికి చోటు దొరుకుతుంది. మీ క్లాసులో ఇది చెల్లుతుందో లేదో రూల్‌బుక్ చూసుకున్నాకే. పని ఇలా:

1) కారు స్టాండ్ల మీద, చక్రం తీసేసి, నకిల్ కింద జాక్‌తో కొద్దిగా ఆధారం ఇవ్వండి.
2) కింది బోల్టు వదులు చెయ్యండి, తియ్యొద్దు. రెండూ తీస్తే నకిల్ బయటికి వాలిపోయి బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు లాగేస్తుంది. ఇదే అందరూ చేసే తప్పు.
3) పై బోల్టు తీసి కొత్తది వెయ్యండి. నట్టు కూడా కొత్తదే.
4) చక్రం పైభాగం వైపు, అంటే నకిల్‌ని, లోపలికి గట్టిగా నెట్టి పట్టుకుని కింది బోల్టు, పై బోల్టు బిగించండి. టార్క్ నంబర్ మాన్యువల్ నుంచి, సన్న బోల్టుకి నంబర్ వేరే ఉంటుంది, పాత బోల్టుది వాడొద్దు.
5) రెండో వైపు కూడా అంతే.
6) నేరుగా, మెల్లగా అలైన్‌మెంట్ షాపుకి. క్యాంబర్ మారితే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) తప్పకుండా మారుతుంది, అలాగే నెల తిరిగితే టైర్లు తినేస్తుంది.

షాపులో "స్పెక్‌లో పెట్టండి" అంటే మీరు చేసినదంతా వెనక్కి తిప్పేస్తారు. నాకు ఒకచోట అదే జరిగింది, ప్రింటవుట్ మీద అన్నీ పచ్చగా ఉన్నాయి, క్యాంబర్ మళ్ళీ సున్నా. కాగితం మీద రాసివ్వండి: ముందు క్యాంబర్ రెండు వైపులా సమానంగా, ఎంత ఎక్కువ మైనస్ వస్తే అంత, ముందు టో సున్నా, వెనక టో కొద్దిగా లోపలికి. సీట్లో మీ బరువు కూడా పెట్టించగలిగితే మంచిది. బయటికొచ్చేముందు ప్రింటవుట్ చదివి, ఫోటో తీసుకోండి.

*స్వే బార్.* ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తా. కారు తిరగట్లేదని నోట్‌బుక్‌లో రాసుకుని, ముందు జారుతోంది కదా అని వెనక గట్టి బార్ వేశా. కారు తిరిగింది, కానీ మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు యాక్సిలరేటర్ నొక్కితే లోపలి వెనక చక్రం తేలికైపోయి వెనకభాగం పక్కకి పోయేది, నేరుగా పోవాల్సిన చోట స్టీరింగ్ సరిచేసుకోడానికే టైమ్ పోయేది. తర్వాతి ఏడాది దాన్ని తీసేసి ముందు గట్టి బార్ వేస్తే, కారు ఒరగడం తగ్గింది, ముందు టైరు నిటారుగా నేలకి ఆనింది, వెనక రెండు చక్రాలకీ పట్టు దొరికింది. ముందు చక్రాలతో నడిచే సివిక్ లాంటి కార్లకి లెక్క తిరగబడుతుంది, అక్కడ చాలామంది వెనక బార్‌తోనే మొదలెడతారు. మీ క్లాసులో ఎన్ని బార్లు మార్చొచ్చో చూసుకోండి.

బార్ వేసేటప్పుడు రెండు పక్కల చక్రాలూ ఒకే ఎత్తులో ఉండాలి, ఒక పక్క మాత్రమే ఎత్తి పని చేస్తే లింకులు బోల్టుకి అందవు, అప్పుడు గడ్డపారతో లాగుతారు, ఏదో ఒకటి విరుగుతుంది. బుష్‌లకి (బార్‌ని పట్టుకునే రబ్బరు ముక్కలకి) గ్రీజు ఎక్కువే పెట్టండి, లేకపోతే స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా కీచుమంటుంది.

*బ్రేక్ ఫ్లూయిడ్.* డాట్ 4 చాలు. కొత్త సీసాలో మరిగే స్థాయి కనీసం 230 డిగ్రీల సెల్సియస్, తేమ పట్టాక అది 155 దాకా పడిపోవచ్చు, ఏటా మార్చమనేది అందుకే. డాట్ 5 అనేది సిలికాన్, పేరు దగ్గరగా ఉందని పొరపాటున పొయ్యొద్దు. ఈ పనికి ఇద్దరు కావాలి. మా ఇంట్లో మా ఆవిడ పెడల్ మీద, నేను చక్రం దగ్గర. మూడే మాటలు: నేను "నొక్కు" అంటే తను నొక్కి "నొక్కా" అంటుంది, నేను చక్రం దగ్గరి బ్రేక్ మీద ఉన్న వాల్వు తెరుస్తా, పాత ఫ్లూయిడ్ బయటికొస్తుంది, పెడల్ కిందికి పోతుంది, నేను వాల్వు మూసి "వదులు" అంటా, అప్పుడే వదలాలి. మూయకముందే వదిలితే గాలి లోపలికి పోతుంది, మళ్ళీ మొదట్నుంచీ. ఏ చక్రం ముందు అనేది మాన్యువల్ చూడండి. పైన డబ్బాలో ఫ్లూయిడ్ మినిమం గీత కిందికి ఎప్పుడూ పోనివ్వొద్దు, ప్రతి ఐదారు నొక్కులకీ నింపండి. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి.

ప్యాడ్ల విషయంలో ట్రాక్ ప్యాడ్లు కొనకండి. అవి వేడెక్కితేనే పట్టుకుంటాయి, ఆటోక్రాస్‌లో బ్రేకులు అంత వేడెక్కేలోపే రన్ అయిపోతుంది.

*షాక్స్.* ఖరీదైన పని, అందుకే చివర పెట్టా. అడ్జస్ట్ చేసుకునేవి వేసినవాళ్ళు రీబౌండ్ (నొక్కుకున్న షాక్ తిరిగి సాగే వేగం) మధ్యలో పెట్టి మొదలెట్టండి, ఒకసారికి ముందువి గానీ వెనకవి గానీ, ఒక చివర మాత్రమే తిప్పండి. బుష్ ఉన్న బోల్టులు ఏవైనా సరే, చక్రాలు నేల మీద ఉన్నప్పుడు ఉండే ఎత్తులోనే చివరి బిగింపు చెయ్యాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కారు దించగానే ఆ రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, ఏడాదిలో చిరుగుతుంది, అలైన్‌మెంట్ కూడా సరిగ్గా రాదు.

7. చేసింది సరిగ్గా ఉందా? చెకింగ్

విప్పిన ప్రతి బోల్టు మీదా బిగించాక పెయింట్ మార్కర్‌తో నట్టు నుంచి పక్క లోహం మీదికి ఒక గీత గియ్యండి. తర్వాత ఎప్పుడు వంగి చూసినా గీత విరిగి కనపడితే నట్టు తిరిగిందన్నమాట. దీనికి పెద్ద ఖర్చు కూడా కాదు.

ఇంజన్ ఆన్ చెయ్యకముందే బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా నొక్కండి. ఆన్ చేసి మళ్ళీ నొక్కండి. డ్రైవ్‌వేలో నడిచేంత వేగంతో ముందుకీ వెనక్కీ వెళ్ళి ఆపి చూడండి. స్టీరింగ్ రెండు పక్కలా చివరిదాకా తిప్పి టైరు ఎక్కడా రాసుకోవట్లేదని, బ్రేక్ గొట్టం లాగట్లేదని ఎవర్నైనా పక్కన నిలబెట్టి చూడమనండి. తర్వాతే రోడ్డు. 50 మైళ్ళు తిరిగాక వీల్ నట్లు మళ్ళీ టార్క్ రెంచ్‌తో, ఇది మాత్రం వాయిదా వెయ్యొద్దు. క్లిక్ రకం టార్క్ రెంచ్ పని అయ్యాక కనిష్ఠానికి తిప్పి దాచండి.

కొత్త ప్యాడ్లు వేస్తే ఖాళీ రోడ్డు మీద, ప్యాడ్ కంపెనీ చెప్పిన పద్ధతిలో బెడ్ చెయ్యాలి, పూర్తిగా ఆపకుండా వేగం తగ్గించడం, మళ్ళీ పెంచడం, అలా కొన్నిసార్లు, చివర్లో బ్రేకు వాడకుండా చల్లారనివ్వడం.

8. వసంతంలో: మార్పు పని చేసిందా?

ఇక్కడే చాలామంది తమని తాము మోసం చేసుకుంటారు. మొదటి రన్ కంటే నాలుగో రన్ ఎలాగూ వేగంగా వస్తుంది, ఎందుకంటే అప్పటికి కోర్స్ తెలిసిపోతుంది, టైర్లు వేడెక్కుతాయి. రెండు రన్నుల తర్వాత బార్ గట్టి చేసి, మూడోది అర సెకను తగ్గితే అది బార్ వల్లే అనుకుంటారు.

సీజన్ మొదట్లో టెస్ట్ అండ్ ట్యూన్ లాంటి ప్రాక్టీస్ రోజు దొరికితే తప్పకుండా వెళ్ళండి, అక్కడ రన్నులు ఎక్కువ దొరుకుతాయి. మొదటి మూడు రన్నులు కోర్స్ నేర్చుకోడానికి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. తర్వాత రెండు పాత సెట్టింగ్‌లో, రెండు కొత్త సెట్టింగ్‌లో, మళ్ళీ రెండు పాత సెట్టింగ్‌లో. వెనక్కి వచ్చినప్పుడు టైమ్ కూడా వెనక్కి వస్తేనే ఆ మార్పు నిజం. మళ్ళీ పాతదాంట్లో కూడా ఇంకా తగ్గిందంటే తగ్గించింది మీరే. కోన్ల పెనాల్టీ కలపకుండా ముడి టైమ్ పోల్చండి, కానీ కోన్లు ఎక్కువ పడుతుంటే అది కూడా రాయండి, అదుపు తగ్గిందని దానర్థం.

ఇది చెయ్యాలంటే ఐదు నిమిషాల్లో మార్చగలిగే పనులే పనికొస్తాయి: ప్రెజర్, షాక్ నాబ్, అడ్జస్టబుల్ బార్ రంధ్రం. అలైన్‌మెంట్‌ని ఇలా పరీక్షించలేరు, దానికి పైన చెప్పిన పాక్స్ నిష్పత్తి మూడు నాలుగు ఈవెంట్లు చూసుకోవాలి, టైరు అరుగుదల ఫోటో పాతదాంతో పోల్చుకోవాలి.

మార్పు నచ్చకపోతే తీసెయ్యడానికి వెనకాడకండి, డబ్బు పెట్టాం కదా అని ఉంచుకున్న పార్ట్ ప్రతి రన్నులో మీ దగ్గర వడ్డీ వసూలు చేస్తుంది. తీసిన ఫ్యాక్టరీ పార్ట్స్ అన్నీ బోల్టులతో సహా కవర్లో వేసి, ఏ వైపుదో రాసి పెట్టండి, కారు అమ్మేటప్పుడూ కావాలి, క్లాసు మారాలన్నా కావాలి.

ఇంకా అడగాలంటే మీ కారు పేరు, క్లాసు, వేడి ప్రెజర్లు, టైరు అంచు ఫోటో, నోట్‌బుక్‌లో కనీసం రెండు ఈవెంట్ల పేజీలు పంపండి. అవి ఉంటే పది నిమిషాల్లో చెప్పగలిగింది చెప్తా.